పసుపు సంచిలో జైతూన్ డబ్బా

అంకాపూర్‌లో లసుమవ్వ దాచిన వస్తువు చెడిపోయిందన్న మాట ఎవరూ వినలేదు. కందులకు ఎర్రమట్టి, చింతపండుకు ఉప్పు, మక్క కంకులకు దూలం, విత్తనపు పసుపుకు గుంట. దేనికి ఏది పడుతుందో ఆమె చేతికి తెలుసు. ఎట్లా దాచాలని ఎవరైనా అడిగితే, "చెప్తే ఏం తెలుస్తది, పట్కరాపో, సూపిస్త" అనేది.

అలాంటి లసుమవ్వకు పంతొమ్మిది వందల తొంభై ఒకటిలోనో, ఆ మరుసటేడో ఒక రేకు డబ్బా చేతికొచ్చింది. అల్లుడు ఎంకటి దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, నెలలు నిండుతున్న పద్మను పుట్టింట్లో దింపుతూ తెచ్చాడు. డబ్బా మీద పచ్చటి ఆలివ్ కాయల బొమ్మ ఉంది.

"గిది జైతూన్ నూనె అత్తమ్మా. గక్కడ పసిపోరలకు దీంతోనే మాలీష్ చేస్తరు. వెలుగు తాకొద్దు, ఏడి తాకొద్దు, గాలి తాకొద్దు. కాన్పైనంక పురుడు చేసేనాడు మా అమ్మ ముందట్నే మూత తియ్యాలె."

"నీ భయం నూనె గురించా, మీ అమ్మ గురించా?"

"నూనె ఏమన్న అంటదా అత్తమ్మా!" అన్నాడు ఎంకటి.

ఆ అల్లుడి తల్లి నీలవ్వది ధర్పల్లి. ఆమె ముక్కు సంగతి ధర్పల్లిలో అందరికీ తెలుసు, అంకాపూర్‌కు పద్మ పెళ్లినాడు తెలిసింది. పందిట్లో లడ్డూ నోటి దాకా తీసుకెళ్లి, ఆగి, "వదినా, నూనె పాతదా?" అన్నది అందరూ వినేలా. ఆ ఒక్క మాట లసుమవ్వకు ఇంకా అరగలేదు. ఇప్పుడు ఈ నూనె గనక పురుటినాడు మక్కిన వాసన కొట్టిందంటే, ఇన్నేళ్లు చేతితో సంపాదించుకున్న పేరు ఆ ముక్కు ముందు మట్టిలో కలుస్తుంది.

మొదటి రోజే ఆమె చెయ్యి అలవాటు ప్రకారం డబ్బాను తీసుకెళ్లి పచ్చడి జాడీ పక్కన ఎండలో పెట్టింది. గుర్తొచ్చి నాలుక కరుచుకొని లోపలికి పరుగెత్తింది. పొయ్యి పైన అరుగు మీద పెడితే సెగ. నీళ్ల కడవ కింది ఇసుకలో పెడితే తుప్పు. బియ్యం గుమ్మిలో దాస్తే, ఒకరోజు బియ్యం తీస్తుంటే పొరుగింటి కమలవ్వ చూడనే చూసింది.

"అక్కా, జర మూత తియ్యవా, వాసన సూస్త."

"మూత తీస్తే లోపటికి గాలి పోతది."

"నేను ముక్కుతోని పీలుస్త గని ఊదుతనా ఏంది?"

ఇది ఇలా సాగేది కాదని లసుమవ్వకు అర్థమైంది. వెనక అర్రలో పసుపు సంచులు ఉన్నాయి. ఉడికించి, ఎండబెట్టి, రుద్ది, అమ్మకానికి సిద్ధం చేసినవి. ఒక సంచి కుట్టు విప్పి నడిమికి చెయ్యి పోనిచ్చి చూసింది. చల్లగా, పొడిగా ఉంది. చీకటికి లోటే లేదు. డబ్బాను అందులో దింపి, చుట్టూ కొమ్ములు సర్ది, దబ్బనంతో కుట్టేసి, సంచి చెవికి ఎర్రదారం కట్టింది.

మొగుడు దేవన్నకు మాత్రం చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పైగా ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఇంట్లో ఆముదం, నువ్వుల నూనె, ఒకసారి ట్రాక్టర్ గ్రీజు కూడా ఆ మోకాళ్లకే పోయాయి. అయినా రేటు బాగా లేదు, పురుడు అయ్యాకే పసుపు అమ్ముతానని ఆయనే అన్నాడు కదా అని ఆమె ధీమా.

పద్మకు కొడుకు పుట్టాడు. పురుడు రేపనగా, లసుమవ్వ పొత్తిగుడ్డలు ఉతికి తిరిగొచ్చేసరికి వెనక అర్ర ఖాళీగా ఉంది. మధ్యలో ఒక ఎలుక నిలబడి చుట్టూ చూస్తోంది.

"మీ నాయిన ఏడి?"

"రేటు ఎక్కిందట అవ్వా. ట్రాక్టర్ల పసుపు ఏస్కొని ఆర్మూర్ పోయిండు" అంది పద్మ.

లసుమవ్వ తడి చీరతోనే రోడ్డెక్కి, కనిపించిన జీపు ఆపి, డ్రైవర్ కంటే ముందు కూర్చుంది.

ఆర్మూర్ పసుపు మార్కెట్లో, రైతుల సరుకు అమ్మిపెట్టే కాశీనాథ్ సేటు దుకాణం ముందు సంచులు దిగుతున్నాయి. హమాలీ లింగం కొక్కెం ఎత్తి ఎర్రదారం సంచి మీద వేయబోతున్నాడు.

"కొక్కెం ఎయ్యకురా లింగం!" అని దూరం నుంచే కేక పెట్టింది.

ఆ కేకకు లింగం అదిరిపడ్డాడు. అదురులో కొక్కెం ఎప్పుడూ లేనంత లోతుగా దిగింది. లోపల టంగుమంది. బయటికి లాగగానే గోనె సంచి మీద నూనె మరక లేచి, బొట్టు బొట్టుగా కారడం మొదలైంది.

జనం మూగారు. దేవన్న వంగి చూశాడు, వేలితో అద్దాడు, మునివేళ్ల మధ్య రాశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"సూసిండ్రా! పసుపు కొమ్ముల నుంచి నూనె కారుతాంది! గిదీ మా అంకాపూర్ భూమి అంటే!"

"మస్తు నూనె ఉందే" అన్నాడు కొనడానికొచ్చిన వ్యాపారి, నోరు తెరిచి. "సేటూ, గీ సంచులన్ని నాకే. అందరికన్న పైరేటు పెడుత."

కాశీనాథ్ సేటు ఇలాంటి వింత ఎప్పుడూ చూడలేదు. అయినా ముప్పై ఏళ్లుగా అన్నీ చూసినవాడిలాగా తలాడించాడు. దేవన్న అప్పటికే ఎరువుల సంగతి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

లసుమవ్వ చూపు మాత్రం బొట్ల మీదే ఉంది. ఒక్కో బొట్టుతో పాటు నీలవ్వ ముక్కు ఒక్కో అడుగు దగ్గరికి వస్తున్నట్టుంది. నోరు మూసుకుంటే పైరేటు, కుట్టు విప్పితే నూనె. ఆమె దుకాణం అరుగు మీది దబ్బనం అందుకొని సంచి నిలువునా చీరేసింది. కొమ్ములు జలజలా రాలాయి, వాటి వెంట పచ్చకాయల బొమ్మ బయటపడింది.

"ఏందవ్వా, తూకం పెంచనీకి మంచిగనే పండిచ్చినవ్ డబ్బను" అన్నాడు సేటు.

"తూకానికైతే రాయి పెడ్తరు గని, దుబాయి నూనె పెడ్తరా సేటూ?" అంది లసుమవ్వ.

వ్యాపారి తన పైరేటును తానే మింగేసి పక్క దుకాణానికి వెళ్లిపోయాడు. దేవన్న ఉపన్యాసం సగంలో ఆగింది.

కొక్కెం డబ్బా పక్కరేకులో దిగి అడుగురేకులో తేలింది, రెండు బొక్కలు. ఎట్లా తిప్పినా ఏదో ఒక బొక్క కారుతుంది. సబ్బు రుద్దితే ఆగుతుందన్నాడు లింగం. పసిబిడ్డకు రాసే నూనెకు సబ్బేమిటని లసుమవ్వ రెండు బొటనవేళ్లు రెండు బొక్కల్లో పెట్టేసింది. మిగతా సంచులు రోజువారీ రేటుకే పోయాయి. ఆమె అలాగే ట్రాక్టర్ ఎక్కింది. గతుకు గతుకుకూ డబ్బా ఎగిరితే ఆమె కూడా దానితోపాటే ఎగిరింది గాని వేళ్లు తీయలేదు.

ఇంటికొచ్చేసరికి నీలవ్వ ఒకరోజు ముందే దిగి, గడపలో కూర్చొని ఉంది.

"ఏంది వదినా, దండం పెట్టవా?"

"దండం పెడితే నూనె పోతది వదినా. పిల్లగాని బట్టలిప్పు, పీట ఎయ్యి."

పురుడు రేపైతేనేం, మాలీష్ ఈరోజే. లసుమవ్వ ఒక వేలు జరిపింది. నూనె కారింది, చిక్కటి పసుపు రంగులో. మనవడు కాసేపట్లో తల నుంచి పాదం దాకా నిగనిగలాడే పసుపు కొమ్ములా తయారయ్యాడు. ఒకసారి నీలవ్వ చేతుల్లోంచి జారి లసుమవ్వ ఒడిలో పడి, ఏడవాలా నవ్వాలా అని ఆలోచించాడు.

నీలవ్వ అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. లసుమవ్వ ఆ ముక్కునే చూస్తోంది. దేవన్న కూడా. నీలవ్వ మళ్లీ పీల్చింది, నాలుకకు కొంచెం అద్దుకుంది.

"మక్కు వాసన లేదు. ఇయ్యాల గానుగ పట్టినట్టే ఉన్నది" అంది చివరికి. "ఇన్ని దినాలు ఎట్ల దాసినవ్ వదినా?"

"చీకట్ల, చల్లగ, ఎవ్వలకు చెప్పకుంట."

"ఎవ్వలకు చెప్పకుంట అన్నదే ముంచింది" అని గొణిగాడు దేవన్న.

లసుమవ్వ వినిపించుకోలేదు. దవాఖాన నుంచి వచ్చిన గోధుమరంగు టానిక్ సీసాలు కడిగి, ఎండబెట్టి ఉంచింది. మిగిలిన నూనెను వాటిలో గాలికి చోటు లేకుండా మెడ దాకా పోసి, బిరడాలు బిగించింది. ఒక సీసా నీలవ్వ సంచిలోకి చేరడం లసుమవ్వ చూసింది. ఆ ముక్కుకు నచ్చిన వస్తువు ధర్పల్లి దాకా పోయి లసుమవ్వ పేరు చెప్పనీ అనుకుంది.