మా చెరువు చేపకు ఎందరు దొరలు

నేను కాపురానికి వచ్చిన ఊరు రామన్నపేటకు సగం పూట నడక. చెరువు మా ఇంటి వెనకే ఉండేది. కట్ట మీద ఎవరైనా దగ్గితే మా వంటింట్లోకి వినబడేది. అంత దగ్గరి చెరువులో పట్టిన చేపను కొనాలంటే మాత్రం మేము రామన్నపేట అంగడికి పోవలసి వచ్చేది. గడీలో ఉండే దొర చెరువును గుత్తకు ఇచ్చేవాడు. గుత్తెదారు పేటలో కాపురం. బెస్తవాళ్లు వల వేస్తే మంచి చేపలు ముందు గడీకి పోయేవి. మిగిలినవి తడి గోనెల్లో బండెక్కి పేటకు పోయేవి. అక్కడ ఈగల మధ్య పడి ఉన్న మా చెరువు చేపనే మేము బేరమాడి కొని, మళ్లీ అదే కట్ట మీదుగా మోసుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లం. ఇల్లు చేరేసరికి దాని కళ్లు గుంటలు పడి ఉండేవి. నీళ్లలో దిగి వల లాగినవాడికి దక్కేది అడుగున మిగిలిన చిట్టి పరకలు. ఇంత తెలివైన ఏర్పాటు ఎవరు చేశారోగాని, ఊళ్లో అందరూ దాన్ని ధర్మం అనేవారు.

ఆ ధర్మానికి మా ఇంట్లోనే ఒక కాపలాదారు ఉండేవాడు. మా బావ, అంటే నా భర్తకు అన్న. నాగలి పట్టడం రాదు, పశువులకు గడ్డి వేయడం నామోషీ. నాలుగు ఉర్దూ ముక్కలు నేర్చుకుని గడీ గుమాస్తా వెంట తిరిగేవాడు. గుమాస్తా తుమ్మితే ఇతను ముక్కు తుడుచుకునేవాడు. జీతం లేదు, పేరు లేదు. "గడీల పని చేస్తున్న" అని చెప్పుకోవడమే ఆయన సంపాదన.

మా వైపు మిరుగం రోజున, అంటే మృగశిర కార్తె వచ్చిననాడు, ఇంటింటా చేప వండాలి. చేప దొరకనివాళ్లు బెల్లంలో ఇంగువ పెట్టి మింగి సరిపెట్టుకునేవారు. నేను వచ్చిన ఏడాది మా అత్త ఇంగువ మింగనని పట్టుబట్టింది. నన్ను వెంటబెట్టుకుని కట్ట మీదికి పోయింది. అక్కడ బెస్త ఇంటి ఇల్లాలు వల ఆరబెడుతోంది. ఊరంతా ఆమెను చేపలామె అనేవారు. మా అత్తకు ఆమెకు చిన్నప్పటి నుంచి అక్కాచెల్లెళ్ల పిలుపు.

"చెల్లె, ఒక్క కొర్రమట్ట ఇయ్యి. జొన్నలు కొలుస్త," అంది అత్త.

"ఇయ్యొద్దని కాదక్కా. ఎవలన్న చూస్తే నా వీపు మీద బండ పెడ్తరు."

"ఎవలు చూస్తరే? కట్ట మీద కుక్క సుత లేదు."

చేపలామె అటూ ఇటూ చూసి, నీళ్లలో ముంచి ఉంచిన బుట్టలోంచి ఒక కొర్రమట్టను తీసి మా గంపలో గడ్డి కింద దాచింది. అది గడ్డిలోంచి కొట్టుకుంటూనే ఉంది. మేము దారి పొడుగునా పెద్దగా మాట్లాడుతూ ఆ చప్పుడు కప్పిపుచ్చుకున్నాం. నిజంగానే కట్ట మీద కుక్క లేదు. కుక్క ఇంట్లో ఉంది. మా బావ మధ్యాహ్నం ఇంటికి వచ్చి, కూర వాసన చూసి, పీట వేసుకుని కూర్చున్నాడు. రెండుసార్లు పులుసు పోయించుకున్నాడు. తల ముక్క తనకే కావాలన్నాడు. చేయి కడుక్కుని, మీసం తుడుచుకుని, తిన్నగా గడీకి పోయి గుమాస్తా చెవిన వేశాడు.

మర్నాడు చేపలామెను గడీ ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. అత్త ఉరుక్కుంటూ పోయింది. నేను ఆమె వెనక. గుమాస్తా మమ్మల్ని చూసి నవ్వి, "మీ ఇంటి మర్యాద చూసి ఊకున్నం. చేప కావాల్నంటే గడీకి కబురు పెట్టున్రి, పంపమా?" అన్నాడు. దొంగసొమ్ము కొన్న మాకు మర్యాద, అమ్మిన ఆమెకు బండ. ఇంటికి వచ్చాక అత్త కొడుకును వాకిట్లోనే నిలబెట్టింది.

"నా కడుపుల పుట్టినవు, నా కంచంల తిన్నవు. గా తిన్న కూర అరగకముందే దాని వీపు మీద బండ పెట్టిచ్చినవు. నువ్వు మనిషివేనారా?"

"అమ్మా, కానూన్ కానూనే. నేను చెప్పకుంటే ఇంకోడు చెప్తుండె."

ఆ నెలలోనే ఆయన వేరుపడ్డాడు. వేరంటే ఎక్కడికో పోలేదు. మధ్యలో ఒక గోడ, అవతల ఆయన, ఆయన భార్య. ఆమె నాకు యారాలు. ఆ గోడ మీంచి ఉప్పూ చింతపండూ ఇచ్చిపుచ్చుకునేంత స్నేహం మాది.

తర్వాత దొరల మీద తిరగబడ్డ సంఘం బలపడింది. చుట్టుపక్కల ఊళ్లలో గడీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మా దొర కూడా పెట్టెలు సర్దుకుని పట్నం పోయాడు. ఊరంతా గడీ ముందు చేరింది. మా బావ అందరికంటే ముందు, మెడలో ఎర్రగుడ్డతో నిలబడి ఉన్నాడు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టే మనిషికి ఎండ మారడం అందరికంటే ముందే తెలుస్తుంది. ఆ రోజు అందరి ముందు ఒక మాట అనుకున్నారు: చెరువు చేప వల వేసినవాళ్లది, ఎవరికి అమ్ముకుంటారో వాళ్లిష్టం. మా బావే ఆ మాటను గొంతు చించుకుని అరిచాడు.

కట్ట మీద చేపలామె గంప పెట్టుకుని కూర్చోవడం అప్పుడే మొదటిసారి చూశాను. చేతికి తీసుకున్న కొర్రమట్ట జారి నా కాళ్ల మీద పడి, తోక కొట్టి నా చీరంతా బురద చేసింది. నాకు పట్టరాని సంతోషమైంది. బతికిన చేపను చేత్తో పట్టి ఎరగని నేను దాన్ని పట్టుకోలేక పరుగులు పెడుతుంటే, చేపలామె కడుపు పట్టుకుని నవ్వింది.

కాని చేపలామె కూడా ఎప్పుడంటే అప్పుడు అమ్మేది కాదు. తొలివానకు చెరువులోకి కొత్త నీరు రాగానే చేపలు గుడ్లతో వాగుకు ఎదురెక్కుతాయి. ఆ రోజుల్లో వల దించేది కాదు. ఎండాకాలం నీరు ఇంకిపోయి నడుమ మడుగు ఒక్కటే మిగిలితే ఆ మడుగు జోలికి పోనిచ్చేది కాదు.

"గుడ్లతోని ఎక్కుతాంది. దీన్ని పడ్తే వచ్చే ఏటికి ఏం తింటరు? ఒండ్రు తింటరా?" అనేది.

దానికి మా ఊరివాళ్లు పడిన కోపం ఇంతా అంతా కాదు. దొర వద్దన్నన్నాళ్లు తల వంచుకుని బతికిన ఊరు, చేపలామె వద్దంటే మాత్రం నోళ్లు తెరిచింది. "సంఘం వచ్చినంక సుత మనకు చేప లేదా?" అని మీసాలు తిప్పారు. వీళ్లలో ఒక్కరూ ఆమె గడీ ముందు బండ మోసిన రోజున నోరెత్తినవాళ్లు కారు.

మా బావకు ఇంకో దారి దొరికింది. వల పడిన ప్రతి పొద్దూ కట్ట మీదికి వచ్చి, గంపలోంచి పెద్ద చేపను ఎంచి, "గిది దళానికి" అని పక్కన పెట్టేవాడు. తుపాకులు పట్టి గుట్టల్లో ఉన్న సంఘం దళానికి అంటే కాదనేదెవరు? చేపలామె కిక్కురుమనకుండా ఇచ్చేది. ఆ పూట గోడ అవతల నూనె చిటపటలాడేది. యారాలు నా కళ్లలోకి చూసేది కాదు.

ఒకనాడు పొద్దుగుంకే వేళకు దళంలోని మనుషులు మా ఇంటికి అన్నానికి వచ్చారు. ముఖాలు పీక్కుపోయి ఉన్నాయి. జొన్నగట్క, మామిడి తొక్కు పెడితే ఆవురావురుమని తింటున్నారు. అత్త దగ్గర కూర్చుని, "చేపలు మంచిగున్నయా బిడ్డా?" అని అడిగింది.

"ఏ చేపలవ్వా? మేము చేప తిని యాడాది దాటింది," అన్నాడు ఒకతను.

అత్త గోడ వైపు చూసి, గొంతు పెంచి, "మా పెద్దోణ్ని అడగుండ్రి, బాగా ఎరుక," అంది. వాళ్లు అన్నం తిని గోడ అవతలికి పోయారు. ఏం మాట్లాడారో గాని, అప్పటి నుంచి దళానికి మా ఊరి చేప అక్కరలేకపోయింది. బావ మాత్రం మోసుకుపోయినవాళ్లే మధ్యలో తినేశారని ఊళ్లో చెప్పుకున్నాడు.

రజాకార్లు తిరిగిన నెలల్లో ఊరు చేలల్లో, గుట్టల్లో తలదాచుకుంది. చెరువు మీద వల పడలేదు. ఆ కాలంలో మా ఊళ్లో సుఖంగా పెరిగినవి చేపలొక్కటే. తర్వాత యూనియన్ మిలిటరీ వచ్చింది, నిజాం లొంగిపోయాడు. మేము ఇళ్లకు తిరిగి వచ్చేసరికి మా బావ తెల్లటోపీ పెట్టుకుని వాకిట్లో ఎదురొచ్చాడు. ఎర్రగుడ్డ ఏమైందని అడిగితే, "ఏ గుడ్డ?" అన్నాడు. సంఘం వాళ్లను వెతకడానికి ఊరి బయట పోలీసు క్యాంపు వేశారు. బావ గడీలో నేర్చిన విద్యంతా అక్కడ పనికొచ్చింది.

ఒక ఉదయం నేను పిండి విసురుతుండగా నేల అదిరింది. ఉట్టి మీది కుండలు ఒకదానికొకటి తగిలాయి. మళ్లీ ఇంకొక దెబ్బ. మేమంతా కట్ట మీదికి పరుగెత్తాం. క్యాంపు నుంచి వచ్చిన ఇద్దరు ఎండాకాలపు మడుగులో చేతిబాంబులు వేశారు. తీసుకొచ్చింది మా బావ. నీళ్ల మీద చేపలు తెల్లటి కడుపులు పైకి పెట్టి తేలుతున్నాయి. ఇన్నేళ్లుగా ముట్టని బొచ్చెలు, కొర్రమట్టలు, వేలెడు లేని పిల్లలు, అన్నీ. క్యాంపు వాళ్లు పెద్దవి నాలుగు ఏరుకుని పోయారు. బావ కట్ట మీద నిలబడి చేతులూపాడు.

"తీస్కపోండ్రి! ఇగ గుత్త లేదు, పైసల్లేవు! స్వరాజ్యం అచ్చింది!"

ఊరు ఊరంతా నీళ్లలోకి దూకింది. గంపలు, బిందెలు, కొంగులు, ఏది దొరికితే అది నింపుకున్నారు. నిన్నటిదాకా చేపలామె ధర మీద రాగాలు తీసినవాళ్లు ఆమె ముందు నుంచే మోసుకుపోయారు. ఆమె ఒడ్డున కూర్చుని, ఒక తల్లిచేపను ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. దాని కడుపు పగిలి గుడ్లు ఆమె చీర మీద పారాయి. అత్త పక్కన కూర్చుంది.

"ఒక్కటి సుత మిగల్లే అక్కా. తల్లులు పోయినయ్, పిల్లలు పోయినయ్," అంది చేపలామె. ఏడవలేదు.

నా భర్త కూడా ఒక గంప నింపుకొచ్చాడు. అత్త దాన్ని గడప దాటనివ్వలేదు. ఆయన అలిగి, అన్న ఇంట్లో తిన్నాడు. తినగా మిగిలినవి, ఏరగా మిగిలినవి చెరువులోనే కుళ్లాయి. పశువులు నీళ్ల దాకా పోయి, ముట్టకుండా తిరిగి వచ్చేవి. ఆ స్వరాజ్యపు కంపు మా ఊరికి చాలా రోజులు పట్టుకుంది.

ఆ తర్వాత చేప కావాలంటే మళ్లీ పేట అంగడే. చేపలామె, ఆమె మగడు కూలికి పోయారు. వానలు పడ్డాక వాళ్ల కులంవాళ్లంతా కలిసి మూసీ కాల్వ కింది చెరువుకు నడిచిపోయి, కుండల్లో చేపపిల్లలను తెచ్చారు. పిల్లలకు ఊపిరాడాలని దారి పొడుగునా కుండలోని నీళ్లను చేత్తో కలుపుతూనే నడిచారట. తెచ్చి వదిలాక రెండు వానకాలాలు వల ముట్టలేదు. పస్తులున్నారు గాని ముట్టలేదు.

చేప పెరిగింది. పెరిగిందని తెలియగానే చెరువును మళ్లీ గుత్తకిస్తామని వేలంపాట పెట్టారు. పాడుకున్నది మా బావ. పిల్లలను మోసి తెచ్చినవాళ్లు మళ్లీ ఆయన కింద కూలికి వల వేశారు. అయితే ఆయన పాత గుత్తెదారులా పేటకు పంపలేదు. ఊళ్లోవాళ్లు తాజా చేపకు ఎలా ఎగబడతారో చూసినవాడు కదా. కట్ట మీద గొడుగు కింద తక్కెడ పెట్టుకుని తానే కూర్చున్నాడు.

"చెరువుల కెల్లి సీదా మీ ఇంటికి!" అని కేకలు వేశాడు.

అత్త ఆ ఉదయం బావి దగ్గర ఆడవాళ్లతో ఏదో మాట్లాడింది. తర్వాత జొన్నల చేట పట్టుకుని కట్ట ఎక్కింది. వెనక నేను, మా వాడ ఆడవాళ్లు.

"రా అమ్మా. మంచి కొర్రమట్ట, మొదలు నీకే," అన్నాడు బావ.

"ఎవలు పట్టిన్రు?"

"గుత్త నాదే."

"గుత్త సంగతి అడగలే. పట్టిందెవలని అడిగిన."

ఆయన తక్కెడ గొలుసులు సర్దుకుంటూ ఉండిపోయాడు. అత్త ఆయనను దాటి ముందుకు పోయింది. కొంచెం దూరంలో చేపలామె, కూలి కింద వచ్చిన పిడికెడు పరకలు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. అత్త అందులో చిటికెడు తీసుకుని జొన్నలు పోసింది. మేమూ ఒక్కొక్కరం అలాగే తీసుకున్నాం. కుండ అడుగు కూడా నిండని చేపలు. ఎవరి మొహంలోనూ విచారం లేదు.

బావ ఎండెక్కేదాకా కూర్చుని, గంప మోసుకుని ఇంటికి పోయాడు. గోడ అవతల యారాలి గొంతు మొదటిసారి అంత గట్టిగా విన్నాను. "నేను వండ. నువ్వే వండుకో, నువ్వే తిను." గంప పెంటకుప్ప మీదికి పోయింది. వల పడినప్పుడల్లా ఇదే కథ. పేటకు పంపుదామంటే బండివాళ్లు మా వాడవాళ్లే, ఎద్దులు కుంటుతున్నాయని చెప్పారు. ఎండాకాలం రాకముందే ఆయన గుత్త వదులుకున్నాడు. సిగ్గుపడి కాదు, గిట్టుబాటు కాక. తర్వాత పాడుకునేవాడు లేక చెరువును బెస్తవాళ్లకే వదిలేశారు, అదేదో దానం చేసినట్టు. చేపలామె మళ్లీ కట్ట మీద కూర్చుంది. తొలివానకు మళ్లీ వల ఎత్తేసింది. ఊరు మళ్లీ సణిగింది. ధర మాత్రం మా అత్తకు కూడా తగ్గించలేదు.

బావ రామన్నపేటకు మారి పెద్దమనిషి అయ్యాడు. కొన్నేళ్లకు అక్కడ ఒక సన్మానం చేస్తే నా భర్తతో పాటు నేనూ పోయాను. మెడలో దండ వేసుకుని, మా ఊరి చెరువును దొర చేతిలోంచి విడిపించి పేదలకు చేప పంచింది తానేనని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నా భర్త మోచేత్తో పొడిచి, "మా అన్న మాట్లాడుతుంటే మొఖం గట్ల పెడ్తవేంది?" అన్నాడు. నా చేతులు ఒళ్లోనే ఉంచుకున్నాను.

అత్త రాలేదు. మేము ఇంటికి వచ్చేసరికి వాకిట్లో కూర్చుని జెల్ల చేపలు రుద్దుతోంది. ఏమన్నాడని అడిగింది. చెప్పాను. దగ్గు తెరలు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక, "చింతపండు నానబెట్టు పిల్లా, పొద్దుపోతాంది," అంది.