నేను కట్ చేసిన గొంతు

...ఎవలన్న సూస్తరని భయమైంది, గందుకే నిన్న సగంల ఆపిన. ఇయ్యాల మొత్తం కాయితాల మీద రాసి, పేరు లేకుండ ఆన్‌లైన్ గ్రూపుల పెడ్త.

మా చిన్నప్పుడు... అంటే నేను ఆరో క్లాస్‌ల ఉన్నప్పుడు, మా పెద్దబాపు పసుపు దుకాణం కట్టేసి, చేతులు కడుక్కోకుండనే మేడ మీది రూముకు ఉరికేటోడు. ఆడ ఆయన హామ్ రేడియో ఉండేది. లైసెన్స్ ఉన్నోళ్లు ఇంట్ల కూసొని వేరే ఊర్లోళ్లతోని మాట్లాడే సెట్ అది.

పెద్దబాపుకు నత్తి. దుకాణంల జర తక్కువనే మాట్లాడేటోడు. మైకు పడితే మాత్రం ఆగేటోడు కాదు.

"రేడియోల అందరు ఒక్క మాటనే మూడుసార్లు అంటరు బిడ్డ, సరిగ్గ ఇనపడదని. ఇగ నా నత్తి ఎవనికి తెలుస్తది?" అని నవ్వేటోడు.

ఆయన దోస్తు వేల్పూర్‌ల ఒక రిటైర్డ్ సారు. రోజు ఏడింటికి ఇద్దరి ముచ్చట. ఇద్దరు రికార్డ్ చేసుకునేటోళ్లు. మా లాప్‌టాప్‌ల అండ్లకెల్లి గరగర తీసి సాఫ్ చేసుడు నా డ్యూటీ. గొంతు స్క్రీన్ మీద గీతల్లెక్క కనబడేది... మస్తు ఇష్టం నాకు.

ఒకనాడు పెద్దబాపు "హ...హ...హలో" కాడ నా చెయ్యి ఆగింది. గా ముక్క కట్ చేసిన. మళ్ల మళ్ల అతికిచ్చిన. కింద డప్పు బీట్ పెట్టిన. ఆన్‌లైన్ క్లాసుల కోసం పెట్టిన మా క్లాస్ గ్రూపుల ఏసిన... అందరు నవ్విన్రు.

వారం తిరగలే, అది మార్కెట్‌కు పోయింది. పసుపు కుప్పల కాడ ఎవలిదో ఫోన్ మోగింది... అదే పాట. "శేటు, ఇంకోటి పాడు" అన్నరట. పెద్దబాపు సుత నవ్విండట.

ఇంటికొచ్చి నన్నే అడిగిండు. "నీకు గవన్ని తెలుసు కద బిడ్డ... ఇది ఎవలు చేసిన్రో చెప్పొస్తదా?"

"రాదు పెద్దబాపు" అన్న.

"రికార్డింగ్... సారు దగ్గర గూడ ఉంటది" అన్నడు మెల్లగ.

నేను కాదనలే.

ఆ దినం నుంచి మైకు ముట్టలే. ఇప్పుడు కంప్యూటర్‌ల టైప్ చేస్తడు. అది కూతలెక్క పంపిస్తది, అవతల అక్షరాలయితయి. గొంతుతోని పనే లేదు. సారు మాత్రం ఇప్పటికి ఏడింటికి పిలుస్తడు. పెద్దబాపు వాల్యూమ్ తగ్గిస్తడు... బంద్ చెయ్యడు. ఇంటడు, జవాబియ్యడు.

నేను ఇప్పుడు టెన్త్. ఆయన ఎదురుంగ అన్నం తినాలంటే తల లేవదు నాకు.

అప్పుడు మా మేడ మీద నవ్వులు ఇనపడేటివి... ఇప్పుడు కీబోర్డు టకటక ఒక్కటే.

మీరు గూడ చిన్నప్పుడు ఏదన్న చేసి, తప్పు ఇంకొకల మీద పడితే సప్పుడు చెయ్యకుంట ఉన్నరా? తర్వాత చెప్పిన్రా... ఎట్ల మొదలువెట్టిన్రు? నేనైతే ఇట్ల మొదలువెడ్త: పెద్దబాపు, అది చేసింది సారు కాదు, నే...

తలుపు కొడుతున్నరు.

"బిడ్డ... ఏడున్నరైంది. ఇయ్యాల సారు పి... పిలుస్తలేడు. సెట్ ఖరాబైందా, జర వచ్చి సూడు."

పేజీలు పరుపు కింద దాస్తున్న...