జోగయ్య రాసిన ముప్పై మూడు

విజయనగరంలో ఒక ఆసుపత్రి లేబొరేటరీ. అందులో జోగయ్య ఉద్యోగం ఏమిటయ్యా అంటే, కంటికి కనబడని పురుగుల్ని లెక్కపెట్టడం. నవ్వకండి, పదహారేళ్లు అదే పని చేశాడు. ఊళ్ల నుంచి సీసాల్లో నూతినీళ్లు వచ్చేవి. గాజు పళ్లెంలో జున్నులా గడ్డకట్టే మేతలో ఆ నీళ్లు కలిపి, వెచ్చటి బీరువాలో రెండు రోజులు ఉంచితే, ఒక్కో పురుగూ పిల్లల్ని పెట్టి ఆవగింజంత చుక్కయ్యేది. వాటినే డాక్టర్లు కాలనీలనేవారు. జోగయ్య పళ్లాన్ని బోర్లించి, ఒక్కో చుక్క వెనకా సిరాతో గుర్తు పెడుతూ లెక్కించేవాడు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. రైతు ఇంట పుట్టినవాడు కదా, ఇక్కడా "లాభం, రెండు, మూడు..." అనే మొదలుపెట్టేవాడు. యాభై దాటితే ఆ నీళ్లు తాగొద్దని, దాటకపోతే తాగొచ్చని ఊరికి కాగితం వెళ్లేది, అడుగున జోగయ్య సంతకంతో.

అరవై ఎనిమిదిలో, వానల కాలంలో, విదేశాల నుంచి మిషను దిగింది. పళ్లెం పెట్టి మీట నొక్కితే చాలు, అంకె వెలిగేది. నెల్లాళ్లు ప్రతి పళ్లాన్నీ మిషనూ మనిషీ విడివిడిగా లెక్కించాలనీ, రెండు అంకెలూ పక్కపక్కన రాయాలనీ డాక్టరు నరసింగరావు గారు చెప్పారు. మొదటి వారం ఒక్కటీ కలవలేదు. మిషను గాలిబుడగల్ని కూడా చుక్కల్లో కలిపేసేది. ఆ సంగతి జోగయ్య చెప్పబోతే ఆయన వినిపించుకుంటేనా!

"నీ కళ్లు మసకబారినట్టున్నాయి జోగయ్యా. ఇలాగైతే సీసాలు కడిగే పనికి మార్చాల్సి వస్తుంది," అన్నారు, అందరి ముందూ.

జోగయ్యకు తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి ఏం చేశాడనుకున్నారు? ముందు మిషను అంకె దొంగచాటుగా చూసి, దానికి ఒకటి రెండు అటూ ఇటూగా తన అంకె రాయడం మొదలుపెట్టాడు. డాక్టరు గారు మురిసిపోయి భుజం తట్టారు.

మూడో వారంలో చీపురుపల్లి దగ్గరి ఊరి నుంచి సీసా వచ్చింది. అది అతని అక్క కూర్మమ్మ కాపురముండే ఊరు. అక్కడ ముగ్గురికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయని జనం ఊరి నూతి వైపు వెళ్లడం మానేశారట. రెండు రోజులయ్యాక జోగయ్య పళ్లెం తీసి పావు వంతు లెక్కపెట్టాడు. పావు పళ్లెంలోనే అరవై చుక్కలు, ఒకదాన్నొకటి కరుచుకుపోయి ఉన్నాయి. కలిసిపోయిన గుంపునల్లా ఒక్క చుక్క కింద జమకట్టి మిషను ముప్పై ఒకటి అంది.

నిజం రాస్తే సీసాల తొట్టే గతి. జోగయ్య ముప్పై మూడు రాసి సంతకం పెట్టాడు. ఆదివారం తనే వెళ్లి, నీళ్లు మరగకాచుకోమని అక్క చెవిన వేస్తే సరిపోతుందనుకున్నాడు. వెధవ ఆలోచన! ఆదివారం మిషను మీద రాసిన రిపోర్టు కాపీ చెయ్యడానికి రమ్మన్నారు డాక్టరు గారు. రానని అనడానికి ఇతగాడికి నోరు పెగల్లేదు.

బుధవారం పొద్దున్నే అక్క మొగుడు నూకయ్య లేబొరేటరీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మీ అప్ప ఎల్లిపోనాది బావా," అన్నాడు. "నిన్న సందేల. ఒక్క రోజులో అయిపోనాది."

జోగయ్య చేతిలో ఉన్న సీసా బల్ల మీద పెట్టాడు.

"నీ కాయితం శనివారం వచ్చినాది. అయినా బయమేసి ఎవులూ తాగనేదు. ఆదివారం మీ అప్పే అందరినీ కేకలేసినాది. మా తమ్ముడు లెక్కెట్టినాడు, ఆడి సంతకం ఉన్నాది, ఇంకేటి సూస్తారని. అందరి ముందర తనే కడవ ముంచి తాగినాది." నూకయ్య చొక్కా జేబులోంచి ఆ కాగితం తీశాడు. "నువ్వు సరిగ్గానే లెక్కెట్టినావు కదా బావా? మరేటయినాది?"

రిపోర్టు అయ్యేదాకా పళ్లాలు పారెయ్యొద్దన్నారు కనుక ఆ ఊరి పళ్లెం ఐసుపెట్టెలోనే ఉంది. జోగయ్య దాన్ని తెచ్చి బోర్లించి, సిరా దగ్గరికి లాక్కున్నాడు. లాభం అనబోయాడు. ఆ మాట పైకి రాలేదు.

"ఒకటి," అన్నాడు.

నూకయ్య నిలబడే ఉన్నాడు. జోగయ్య ఏడుస్తూ ఆఖరి చుక్క దాకా లెక్కించాడు.

"రెండొందల నలబై ఆరు బావా. యాబై దాటితే తాగకూడదు. నాను ముప్పై మూడని రాసినాను."

నూకయ్య ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అంకెలు బాగా కలిశాయని మిషనును ఖాయం చేశారు. జోగయ్య రిటైరయ్యేదాకా సీసాలే కడిగాడు. అతన్ని ఆ పనికి ఎవరూ పంపలేదు, తనే వెళ్లాడు.