ఫోన్‌లో ఎక్కించని పుట్టినరోజు

మా ఛత్రినాక ఇంట్లో అందరి ఫోన్లకూ కలిపి ఒక క్యాలెండర్ పెట్టింది నేనే. అందులో ఏది ఎక్కాలో, ఏది ఎక్కకూడదో తేల్చేదీ నేనే. మా ఆయన శ్రవణ్‌కుమార్ కంచన్‌బాగ్ డ్యూటీ షిఫ్టులు, గ్యాస్ బుకింగ్, పిల్ల ఫీజు, ఇలాంటివే ఎక్కేవి. మా అత్త బుచ్చమ్మకు చదువు రాదు. ఫోనంటే ఆమెకు పచ్చ బటన్ నొక్కి మాట్లాడటమే. అయినా పెరట్లో పాలు పితుకుతూనే హుకుం జారీ చేసేది.

"బర్రెకు సూది ఏయించే రోజు గూడ ఎక్కియ్యే గీతా."

"అది మనుషుల క్యాలెండర్ అత్తమ్మా."

"పాలు తాగేది మనుషులే గద."

ఎక్కించాను. ఆమెతో మాట్లాడి నెగ్గినవాళ్లు మా గల్లీలో లేరు.

నా పుట్టినరోజు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. ఏటా జూలై ఇరవై ఏడున తెల్లారగానే అమ్మ ఫోన్ చేసేది. మొన్న చలికాలంలో అమ్మ పోయింది. ఇప్పుడు నా పుట్టినరోజు నేనే ఎక్కించుకుంటే, ఫోన్ మోగింది కాబట్టి ఇంట్లోవాళ్లు శుభాకాంక్షలు చెబుతారు. ఆ సంబరం నాకెందుకు? ఎవరికి గుర్తుంటుందో చూద్దామని వదిలేశాను.

ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజంతా నా చేతిలో గిన్నెలు గట్టిగానే మోగాయి. ఎందుకని అడిగే ధైర్యం శ్రవణ్ చేయలేదు. నాకు అత్తమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది. పదేళ్లుగా ఒకే పొయ్యి దగ్గర ఉంటున్నాం మరి.

తర్వాత బోనాల ఆదివారం వచ్చి వెళ్లింది. సోమవారం వీధిలో అమ్మవారి ఘటం ఊరేగింపు డప్పులు మోగుతుంటే, అత్తమ్మ గిన్నెడు పరమాన్నం తెచ్చి నా ముందు పెట్టింది. పండగ మరునాడు ఏటా పెట్టేదే. నేను ముట్టలేదు.

"తినవేందే? ఇయ్యాల నీ పుట్టినరోజు."

"అది ఎప్పుడో అయిపోయింది అత్తమ్మా."

"తారీఖులు నాకేం ఎర్క? నువ్వు ఘటం ఎల్లే నాడు పుట్టినవ్. డప్పుల సప్పుడుల నీ ఏడుపే ఇనవడలేదంట. ఏటా గీ పొద్దుగాల మీ అమ్మ నాకు ఫోన్ జేసేది. పరమాన్నం వండు వదినా, నేను చెప్పిన్నని అనకు అనేది." కొంగుతో చేతులు తుడుచుకుంది. "గీసారి ఫోన్ రాలే. అయినా వండిన."

పదేళ్లూ పండగ పరమాన్నమే అనుకుని తిన్నాను. నాకు ఏడుపొచ్చింది. డప్పుల్లో అదీ ఎవరికీ వినబడలేదు.

సాయంత్రం ఆ రోజును ఎక్కిద్దామని ఫోన్ తీశాను. ప్రతి ఏడూ ఇదే తారీఖా అని ఫోన్ అడిగింది. కాదు మరి. వచ్చే ఏటి బోనాలు ఎప్పుడో అది మాత్రం ఎక్కించి, ఆ మరునాడు ఖాళీగా ఉంచాను. ఆ రోజును గుర్తుపెట్టుకునే పని అత్తమ్మదే.