సరోజ ఆంటీ కోసం నక్షత్రం

ఇవాళ సరోజ ఆంటీ వస్తోందని గుమ్మంలో ఎనిమిది కొనల నక్షత్రం ముగ్గు వేశాను. పిండి వాసనకు సింగపూర్‌లో చిన్నప్పటి ఆంగ్ మో కియో ఫ్లాట్ గుర్తొచ్చింది.

పక్క ఫ్లాట్‌లోని లాత్వియా ఆంటీ, చలిదేశంలో ఉన్న తన మనవరాలి చేతితొడుగుల మీద ఈ నక్షత్రమే అల్లేది. చెయ్యెత్తకుండా గీస్తే చెడు లోపలికి రాదని చెప్పింది.

"నీ ఇంగ్లీషుకి హాకర్ సెంటర్‌లో తిండి అమ్మేవాళ్లు కూడా నవ్వుతారు" అని అమ్మను నలుగురిలో వెక్కిరించిన సరోజ ఆంటీని ఆపాలని, మర్నాడే మా గుమ్మంలో ఆ నక్షత్రం గీశాను. ఆవిడ దాన్ని తొక్కుకుంటూ వచ్చి, అమ్మ పెట్టిన కాఫీ తాగి, మళ్లీ వెక్కిరించింది. నా గీత ఎక్కడో తెగిందనుకుని ఏడ్చాను.

ఆ నక్షత్రం ఆపేది దయ్యాలనేనని పెద్దయ్యాక తెలిసింది. అయినా వేస్తూనే ఉన్నాను.

"ముగ్గు భలే ఉందే. నాకోసమేనా?" అంది సరోజ ఆంటీ, గుమ్మం దగ్గర ఆగి.

"మీకోసమే ఆంటీ" అన్నాను.