చల్లారని షాఫ్టు

కుసుమకుమారికి ఊరికే కూర్చోవడం చేతకాదు. బస్సెక్కితే ఊగుతున్న సీటు బోల్టు వైపు చెయ్యి పోతుంది. పెళ్ళికి వెళ్తే ఫ్యాను ఎందుకు అలా మూలుగుతోందో తేలేదాకా భోజనం సహించదు. విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ఆవిడ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆ ల్యాబులో ఆవిడ విప్పి బిగించని పరికరం లేదు.

తండ్రి నెల్లిమర్ల జూటు మిల్లులో టర్నరు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన చొక్కాకి సన్నటి ఇనప చుట్టలు అంటుకుని ఉండేవి. చిన్నప్పుడు వాటిని ఏరి అగ్గిపెట్టెలో దాచుకునేది. ఇనప కడ్డీని తిప్పుతూ చెక్కే లేతు మిషను ఎలా తిరుగుతుందో ఆయన చెబితే వినడమే తప్ప, ఆయన బతికుండగా ఆవిడ దాన్ని కళ్ళతో చూడలేదు.

నలభై ఆరో ఏట ఆమదాలవలసలో ఒక వర్క్‌షాపు మూసేసి సామాను అమ్మేస్తున్నారని తెలిసి వెళ్ళింది. మూడడుగుల పాత లేతు ఒకటి వ్యానులో ఎక్కించుకుని నెల్లిమర్లలోని తమ ఇంటికి తెచ్చింది. పెరట్లో, ఒకప్పుడు గేదెను కట్టిన పాకలో దింపించింది. భర్త గణపతిరావు హైస్కూల్లో తెలుగు మాస్టారు. మిషను చుట్టూ ఒకసారి తిరిగి అడిగాడు.

"ఇది ఏటి సేస్తాదే?"

"గుండ్రంగా ఉండేది ఏటైనా సేస్తాది."

మొదటి ఆరు నెలలూ అది గుండ్రంగానే చేసింది కాని, తిన్నగా చేయలేదు. ఏ కడ్డీ చెక్కినా ఒక కొస లావు, ఒక కొస సన్నం. కుసుమకుమారికి పిచ్చెక్కినంత పనైంది. పనిముట్టు మార్చింది, వేగం మార్చింది, బేరింగులు మార్చింది. చివరికి మట్టం పెట్టి చూస్తే పాక నేల ఒక మూల దిగిపోయింది. నాలుగు కాళ్ళూ నాలుగు ఎత్తుల్లో ఉండి మిషను ఒళ్ళే మెలి తిరిగింది. నేల తవ్వించి, కాంక్రీటు పోయించి, కాళ్ళ కింద ఇనప పలకలు సర్ది మట్టానికి తెచ్చేసరికి ఎనిమిది రోజులు పట్టింది. మిషను తెచ్చిన మొదటి రోజే చెయ్యాల్సిన పని అది.

అత్తగారు లక్ష్మణమ్మకి మాత్రం వేరే బాధ. కోడలు చీర మార్చి పొట్టి చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని, గాజులు తీసి గూట్లో పెట్టి పాకలోకి వెళ్ళడం ఆవిడకి మింగుడు పడలేదు.

"బోసి సేతుల్తో ఏటే ఆ నిలబడ్డం? ఎవలైనా సూస్తే ఏటనుకుంటారు?"

"తిరిగీ మిషనుకి గాజు దొరికితే సెయ్యితో సహా లాగీసుకుంటాదత్తా. కొంగు దొరికితే మెడే."

ఆ మాట విన్న తర్వాత లక్ష్మణమ్మ మళ్ళీ పేచీ పెట్టలేదు. పైగా తనే రోజూ పాక గుమ్మంలో నిలబడి "గాజులు తీసినావా? జడ ముడేసినావా? కళ్ళజోడేదీ?" అని అడిగిగాని కదిలేది కాదు.

పోయిన జూన్‌లో సముద్రంలో వేట నిషేధం ఎత్తేసిన నాలుగో రోజు, కాలేజీకి సెలవైన ఒక శనివారం పొద్దున్న, ధనరాజు అనే పడవ యజమాని మోటారు సైకిలు మీద వచ్చాడు. అతని కూతురు దుర్గ కుసుమకుమారి కాలేజీలోనే చదువుతోంది. తువ్వాలు విప్పి, రెండు ముక్కలైన షాఫ్టు చూపించాడు. పడవ ఇంజనుకి నీళ్ళు తోడి చల్లబరిచే పంపులోని ఇరుసు అది.

"కొత్తది విశాఖపట్నం నుంచి రావాలంట, అయిదు రోజులంట. రెండు నెల్లు ఒడ్డునే కూకున్నాం మేడమ్మా. మీ సెయ్యి పడితే అయిపోతాదని మా దుర్గ సెప్పినాది."

రెండు రోజులు కావాలని చెప్పాల్సింది. కాని కుసుమకుమారి నోట్లోంచి వచ్చిన మాట "సాయంత్రం రండి" అని.

స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ కోసి మిషనుకి బిగించింది. ఆ లోహం తొందరగా వేడెక్కుతుంది. బేరింగు కూర్చునే చోట సరిగ్గా ఇరవై మిల్లీమీటర్లు, ఆపైన వెంట్రుక మందంలో పదోవంతు ఉండాలి. అన్నానికి రమ్మని పిలిచినా వెళ్ళలేదు. చెక్కుతూ, ఆపుతూ, కొలుస్తూ, మళ్ళీ చెక్కుతూ మూడున్నరకి కొలతకి తెచ్చేసింది. మైక్రోమీటరు సరిగ్గా చూపించింది. అప్పుడే వీధిలో ధనరాజు బండి చప్పుడు వినబడింది.

బేరింగు తొడిగి చూసింది. చెక్క సుత్తితో తట్టితేగాని ఎక్కకూడనిది బొటనవేలితో నెట్టగానే జారిపోయింది. గాభరాగా మళ్ళీ కొలిచింది. మిల్లీమీటరులో రెండు నూరో వంతులు తక్కువ. షాఫ్టు ఇప్పుడు చల్లగా ఉంది. ఇందాక కొలిచినప్పుడు వేడిగా ఉంది. వేడికి ఉబ్బిన లోహాన్ని కొలిచి, అదే అసలు కొలత అనుకుంది. వేడి చేసిన గుండు రింగులోంచి దూరదని ప్రతి ఏడూ కొత్త పిల్లలకి ల్యాబులో చూపించేది తనే.

ధనరాజు గుమ్మంలోకి వచ్చేశాడు. కుసుమకుమారి అటు తిరిగి, మొనదేలిన పంచ్ ఆనించి సుత్తితో షాఫ్టు చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టింది. ఆ గుంటల అంచులు పైకి లేచి బేరింగు బిగిసింది. అతను దండం పెట్టి పట్టుకెళ్ళాడు.

ఆదివారం తెల్లవారినా ఆవిడ మనసు కుదురుగా లేదు. కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి పెరట్లోకి, పెరట్లోంచి వీధిలోకి తిరుగుతోంది. ధనరాజు ఫోను కలవడం లేదు. గణపతిరావు పేపరు పక్కన పెట్టి ఏమైందని అడిగితే మొత్తం చెప్పింది.

"అలా బిగించింది ఎన్నాళ్ళుంటాది?"

"నెలుంటాదో, గంటుంటాదో. అది జారితే పంపాగిపోతాది. ఇంజను కాలిపోయి నడి సంద్రంలో నిలబడిపోతారు."

"మరి ఇక్కడ తిరుగుతావేటి? సెప్పులేసుకో."

స్కూటరు మీద ఒడ్డుకి చేరేసరికి పడవ తెల్లారకుండానే వెళ్ళిపోయిందన్నారు. కుసుమకుమారి ఇసుకలో అటూ ఇటూ నడిచింది. కూర్చోమని గణపతిరావు రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు. ఒక్కో పడవా వస్తోంది. ప్రతిదాని ఇంజను చప్పుడూ చెవులు రిక్కించి వింటోంది. పదకొండు దాటాక ధనరాజు పడవ వచ్చింది, ఇంజను హాయిగా ఆడుతోంది. ఆవిణ్ణి చూసి అతను నవ్వుతూ దిగి, వలలోంచి రెండు పెద్ద చందువలు తీసి చేతికివ్వబోయాడు.

తీసుకుని వెళ్ళిపోవచ్చు. అడిగేవాళ్ళు లేరు.

"ధనరాజుగారూ, నిన్న నేనిచ్చింది మంచిది కాదు. కొలత తప్పింది. తెలిసే ఇచ్చీసినాను."

అతని నవ్వు పోయింది. చేపలు మళ్ళీ బుట్టలో పడేశాడు.

"నానూ, మా తమ్ముడూ, ఇంకో ఇద్దరూ ఎల్లినాం మేడమ్మా. నిన్న ఒక్క మాట సెప్పుంటే నిన్నే ఆగిపోదుం కదా?"

"పంపు విప్పండి" అంది ఆవిడ. అతను పంపు విప్పి షాఫ్టు చేతిలో పెట్టాడు. చుక్కలు ఒక పక్క అప్పుడే అరిగి నున్నగా మెరుస్తున్నాయి. బేరింగు జారడం మొదలెట్టింది. అది అతనికే చూపించింది. అతను చూసి, వల సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు.

సోమవారం కాలేజీకి సెలవు పెట్టింది. ఈసారి కొత్త కడ్డీని అర మిల్లీమీటరు వదిలి చెక్కింది, మిషను ఆపి పాకలోంచి బయటికి వచ్చేసింది. లోపలుంటే చెయ్యి ఆగదు. లక్ష్మణమ్మ చేటలో గోంగూర పోసి ముందు పెట్టింది. ఆకులు గిల్లుతూ గంట కూర్చుంది. కాళ్ళు ఊగుతూనే ఉన్నాయి. షాఫ్టు చేతికి చల్లగా తగిలాక కొలిచింది. నూనె పోస్తూ సన్నటి చెక్కు తీసింది, మళ్ళీ బయటికి వచ్చింది. అలా మూడుసార్లు. బేరింగు చెక్క సుత్తితో నాలుగు తట్లు తడితే ఎక్కి కూర్చుంది, లాగితే రాలేదు.

బస్సులో తనే పట్టుకెళ్ళింది. ధనరాజు బిగించి, ఒడ్డునే అరగంట ఇంజను తిప్పాడు. ఆవిడ పంపు మీద చెయ్యేసి నిలబడింది.

"ఈ పాలి ఏటి దాసినారు?" అన్నాడు.

"ఏటీ లేదు."

తలూపాడు. అంతే. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

ఇప్పుడు ఇళ్ళల్లో చిన్న లేతులు పెట్టుకున్నవాళ్ళు ముగ్గురు నలుగురు ఆవిడకి ఫోను చేస్తుంటారు. ముందు నేల మట్టం చూసుకోమంటుంది, గ్లౌజులు వేసుకుని తిరిగే మిషను ముట్టుకోవద్దంటుంది, ఇనప చుట్టల్ని చేత్తో కాదు, బ్రష్షుతో తీయమంటుంది. వేడి మీద కొలవొద్దని చెప్పేటప్పుడు ధనరాజు సంగతి కూడా చెబుతుంది. పంచ్ దెబ్బల దగ్గర గొంతు తగ్గుతుంది కాని, ఆ ముక్క దాటెయ్యదు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ముక్కూ మొహం తెలియని పడవ మనిషి ఒకాయన విరిగిన పిన్ను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ధనరాజు పంపినాడమ్మా. ఎప్పటికవుతాదో ఆవిణ్ణే సెప్పమను, నువ్వు తొందర పెట్టకు అన్నాడు."

 కుసుమకుమారి పిన్ను అందుకుని వెలుతురులో తిప్పి చూసింది. గంటలో అయిపోతుందనిపించింది. 'సాయంత్రం' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"ఎల్లుండి రండి" అంది.

అతను వెళ్ళాక కూర్చోలేక, పిన్ను చేత్తో పట్టుకునే పెరడంతా నాలుగుసార్లు తిరిగింది.