ఉల్లిగడ్డలకు పోయిన టోపీ దొర

"పాత ఇనుముకు ఉల్లిగడ్డోయ్! పల్గిన బకీటుకు, తుప్పు వట్టిన డబ్బకు ఉల్లిగడ్డోయ్!"

మా గల్లీ ఆ కొసకెళ్లి కేక వినవడ్డది. నేను అప్పుడే తాండూరు ప్యాసింజర్ దిగి ఇంటికి నడుస్తున్న. గా కేక నా కొంప మీదికే వచ్చిందని నాకేం ఎరుక! విని నవ్వుకున్న గూడ. మొన్న ఆదివారం వికారాబాదుల నా మొఖం ఎట్లయిందో వినుండ్రి మరి.

మీకు నా సంగతి తెలిసిందే. పాత బొమ్మలంటే నాకు పాణం. అంగట్ల గోనెసంచి పరిచి పాత సామాన్లు అమ్మేటోళ్లు కనవడితే నా కాళ్లు ఆడనే ఆగిపోతయి. ఇంట్ల తల లేని రేకు గుర్రం ఉన్నది, మూడు గీరల మీదనే నడిచే మోటరు కారు ఉన్నది, తోక తిప్పే మొసలి ఉన్నది. తోక తిప్పుతదని అమ్మినాయన చెప్పిండు, నేనైతే ఇప్పటిదాక చూడలే! మా ఆమె ఒకనాడు ఖరాఖండిగ చెప్పేసింది: "ఇంకొక్క బొమ్మ ఇంట్లకు వచ్చిందో, అన్నం గూడ వాటితోనే వండించుకో!"

గట్ల అన్నంక ఎవలైనా ఆగుతరు. నేను ఆగలే. కిందటి నెల ఇక్కడే ఓ పాత సామాన్ల దుకాణంల నాకు టోపీ దొర దొరికిండు. జానెడు రేకు మనిషి. నెత్తిన టోపీ, ఎర్ర కోటు, కుర్చీల దర్జాగ కూసున్నడు. ముందట చిన్న మేజా. దాని మీద ఏదో ఉండెనట, ఊడిపోయింది. కుడి చెయ్యి సగం లేచి ఉన్నది. నోరు జర తెరిచి ఉన్నది. వీపుకు చావి తొడిగి తిప్పే ఇనుప మొల ఉన్నది. చావి మాత్రం లేదు!

ఇగ నాకు నిద్ర యాడిది? చావి తిప్పితే గీ దొర ఏం జేస్తడు? పక్కింటి నర్సింలును చాటుకు పిలిచి చూపెట్టిన.

"డప్పు కొడ్తడే," అన్నడు.

"డప్పు కొట్టేటోడు నోరెందుకు తెరుస్తడు? పాట పాడ్తడు!"

"కుర్చీల కూసోని పాడ్తడా? సంతకాలు పెట్టే ఆఫీసర్ ఉంటడు."

"ఆఫీసరైతే చెయ్యి అంత జల్ది లేవదు గదనే!"

ఎంత మాట్లాడినా తెగలే. దొరను తుప్పు వట్టిన బిస్కెట్ డబ్బల పెట్టి మంచం కింద దాచిన. ఒకరోజు మా ఆమె ఊడుస్తుంటే చీపురు తాకి డబ్బ గల్లుమన్నది. "ఏందది?" అన్నది. "ఏం లేదు, తుక్కు ఇనుము," అన్న. గీ మాట జర యాదికి పెట్టుకోండ్రి.

మొన్న చావి కోసం తాండూరు పోయిన. దొరను ఎంట తీస్కపోతే ఇంట్ల దొరికిపోత గద! అందుకని ఓ తెలివి చేసిన. బట్టల సబ్బు ముక్కను ఆ మొల మీద ఒత్తి, పడ్డ గుంతను కొలతగ జేబుల ఏస్కున్న. మా ఆమెకు మాత్రం, "తాండూరు కందిపప్పు మంచిగుంటది, తెస్త," అని చెప్పి బయటపడ్డ.

అంగట్ల ఓ ముసలి చాచా పాత తాళాలు, చావులు, ఆగిపోయిన గడియారాలు పరుచుకొని కూసున్నడు. నేను ముందట కూలబడి ఒక్కొక్క చావి తీసి సబ్బు పక్కన పెట్టి చూస్తున్న. చాచా ముందుగాల ఊరికే చూసిండు. తర్వాత కండ్లద్దాలు పెట్టుకొని చూసిండు.

"క్యా మియా," మెల్లగ అడిగిండు, "ఎవరింటి చావి అది?"

"ఎవరింటిదీ కాదు చాచా!"

"సబ్బు మీద అచ్చు తీసేటోళ్లు అందరూ అదే అంటరు."

ఇద్దరు ముగ్గురు ఆగి నా దిక్కు చూసిన్రు. పక్కన మిరపకాయలు అమ్మే ఆమె తన పైసల సంచి దగ్గరికి గుంజుకున్నది. 

"నీ తోడు చాచా, బొమ్మది! గిట్ల కూసుంటడు..." అని గాలిల కుర్చీ ఉన్నట్టు కూసోని, చెయ్యి సగం లేపి, నోరు తెరిచి చూపెట్టిన. అంగడి అంగడంత నవ్వింది. చాచా కండ్లు తుడుసుకుంట ఓ గోడ గడియారం పొట్టల చెయ్యి పెట్టి చావి తీసిండు. దాని నోరు, సబ్బు మీది గుంత, రెండూ కవల పిల్లల తీరు ఉన్నయి!

"తీస్కపో. దీని ధర ఒక్కటే, ఆ దొర ఏం జేస్తడో వచ్చి నాకు చెప్పాలె. ఇప్పుడు నాకు గూడ ఫికర్ పట్టుకున్నది."

ఇగ చూడండ్రి. చావి జేబుల, నేను మబ్బుల! రైలు దిగి గల్లీ మొగదలకు వస్తే ఉల్లిగడ్డల బసప్ప ఎదురైండు. తాండూరు దిక్కు మనిషి, తెలుగుల కన్నడం కలిపి మాట్లాడ్తడు. తోపుడు బండి చడావు ఎక్కలేక ఆగిపోయింది. పుణ్యముంటదని భుజం పెట్టి నూకిన. తుక్కు డబ్బలు నా ముక్కు ముందరనే గలగలమంటున్నయి.

"ఏం తుక్కు బసప్పా, మస్తు మోత చేస్తున్నది!"

"ఇయ్యాల మంచి బేరం స్వామీ!" అన్నడు.

ఇంటికి పోతే మా ఆమె ముందట గంపెడు ఉల్లిగడ్డలు. కోసుడు గూడ అయిపోవస్తున్నది. కండ్లల్ల నీళ్లు, మొఖంల నవ్వు.

"కందిపప్పు ఏది?"

మర్చిపోయిన! మాట మార్చాలని, "గిన్ని ఉల్లిగడ్డలు యాడియి?" అన్న.

"నీ మంచం కింద తుక్కు ఇనుము లేకుండెనా? బసప్పకు ఏసిన. పప్పుల ఏద్దామని గివి తీస్కున్న."

"అయ్యో! అండ్ల దొర ఉన్నడే!"

"ఏ దొర?"

ఇగ చెప్పక తప్పలే. ఆమె చూసిన చూపు మీకు చెప్పను. పక్కింటికి కేకేస్తే నర్సింలు సైకిల్ తీసిండు, నేను ఎనక ఎక్కిన, ఉరుకుడే ఉరుకుడు! రైలు గేటు పడి ఉన్నది. నాపరాళ్ల గూడ్సు బండి నిమ్మళంగ పోతున్నది. గేటు కాడ బసప్ప ఊరికే ఎందుకుండాలని డబ్బలను రాయితో చదునుగ కొడుతున్నడు. చదునుగ చేస్తే బండిల ఎక్కువ పడ్తయి గద! నా బిస్కెట్ డబ్బ కింద ఉన్నది. రాయి పైన ఉన్నది.

"బసప్పా, కొట్టకు! అండ్ల మనిషున్నడు!"

అంతే. బసప్ప రాయి పక్కకు ఇసిరేసి దూరం దుంకిండు. ఆగిన బస్సులకెళ్లి జనం దిగిన్రు. "డబ్బల మనిషా?" "పసిపిల్లనా?" అని ఒకటే గడబిడ. నేను మూత తీసిన. టోపీ దొర టోపీతోని నిమ్మళంగ కూసున్నడు. జనం నన్ను తిట్టిన తిట్లు నేను మళ్ల చెప్పను.

"డబ్బ తీస్కో స్వామీ," అన్నడు బసప్ప, "నా ఉల్లిగడ్డ నాకు ఇయ్యి."

న్యాయమే. ముగ్గురం ఇంటికి వచ్చినం. ఉల్లిగడ్డలన్నీ ముక్కలై కుండల ఉడుకుతున్నయి!

"ఉడికిన ఉల్లిగడ్డ నేను ఎవరికి అమ్మాలె తాయీ?" అని బసప్ప నెత్తి గోక్కున్నడు.

"అయితే కూసోని తిని పో అన్నా. పప్పు తెచ్చేటాయన బొమ్మ తెచ్చిండు, మాకూ అదే కూర," అన్నది మా ఆమె.

అందరం చుట్టూ కూసున్నం. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కూర. దొరను నడుమ పెట్టి, చావి తొడిగి తిప్పిన. కిర్ర్... కిర్ర్... ఎవలూ రొట్టె తుంచలే. దొర చెయ్యి మెల్లగ మేజా మీదికి దిగింది. నోటికాడికి లేచింది. మళ్ల దిగింది, మళ్ల లేచింది. ఆఖరుకు టోపీతోని తల ఊపిండు, 'బాగున్నది' అన్నట్టు!

"తింటున్నడే!" అని నర్సింలు పడి పడి నవ్విండు. "డప్పు గాదు, పాట గాదు, తిండి!"

మా ఆమె మాత్రం నవ్వలే. దొర దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "రేకు మనిషి. నాలుగు బుక్కలకే తల ఊపిండు. పెండ్లయినకాడికెళ్లి తింటున్నవు, నువ్వు ఒక్కనాడన్న ఊపితివా?"

బసప్ప గబగబ తల ఊపిండు. నర్సింలు ఊపిండు. ఇగ నేను గూడ నోట్ల బుక్క పెట్టుకొని ఊపిన. కూరల ఉప్పు మర్చిపోయింది, అయినా ఊపిన.

చావి ఇప్పుడు మా ఆమె కొంగుకు, ఇంటి తాళాల గుత్తిల ఉన్నది. తిప్పే పని గూడ లేదు, నేను కంచం ముందట కూసుంటే కొంగు జర గల్లుమంటది, నా తల దానంతట అదే ఊగుతది.